బల్ల మీది బట్ట

శనివారం పొద్దుగూకినంక
మొగుళ్ళపల్లి మిరప చేన్ల మీదికెల్లి చలి దిగుతుంటే
బొడ్లెకెల్లి తాళంచెవి తీసి
గుడి తలుపు తెరిచిన.

లోపల ఇంకా పత్తి వాసన.
వాన పడ్డ మంగళవారం
సంఘపెద్ద ఆబేలు పదకొండు బస్తాలు తెచ్చి
పాటలు పాడే జాగల పేర్పించిండు.
"ఇది దేవుని ఇల్లా, నీ గోదామా?" అన్న.
అన్నంక నాలుక కొరుక్కున్న:
అమ్మేటోళ్ళ బల్లలు బోర్లేసిన చెయ్యి
నాది కాదు కద.

పొద్దుగాల బస్తాలు ఎనుమాముల పోయినయి.
మిగిలిన దూది పింజలు చీపురుకు చిక్కవు.
ఊడిస్తే లేస్తయి, ఆగితే పడుకుంటయి.
మోకాళ్ళ మీద కూసోని
ఒక్కొక్కటి వేళ్ళతోని ఏరిన.
పత్తి ఏరుడు నాకు కొత్తా?
కూలి అడగని చేను ఇదొక్కటే.

సాపలు దులిపి పరిచిన.
కుర్చీలు పన్నెండు. ఒకదానికి కాలు లేదు.
ముందు వరుసల నాలుగు సర్పంచి మనుషులకని
చిన్నయ్యగారు సుద్దతోని గీత గీసిపెట్టిండు.
తడిగుడ్డతోని గీత తుడిచిన.
లచ్చయ్య తాత ఎక్కడ కూసోవాల్నో
ఆయన మోకాలు చెప్పాలె,
ఆయన అంగీ కాదు.

పాటల పలకకు ఏడు అంకె లేదు.
పోయినేడు పిలగాండ్లు పతంగికి కట్టి ఎగిరేసిండ్రు.
ఒకటికి బొగ్గుతోని తల వంచి
ఏడు చేసిన.

గడప పక్కన కాళ్ళకు నీళ్ళు.
తువ్వాల నడుముకు చుట్టుకున్న ఆయన
ఆ రాత్రి ఎవరి కాళ్ళూ విడిచిపెట్టలె,
అమ్ముకున్నోని కాళ్ళు సుత.
యాదికొచ్చి
కడవ మల్లొకసారి తోమిన.

రేపు రొట్టె విరిచే ఆదివారం.
చిన్న గ్లాసులు నలభై తీసి
ఒకటి తిరిగి డబ్బాల పెట్టిన.
ఏడు నెలల నుంచి గిదే లెక్క.

బల్ల మీదికి
పూలు అచ్చేసిన ప్లాస్టిక్ షీటు, నూరు రూపాయలది.
అసలు బట్ట మా యారాలు కరుణమ్మ తాన ఉన్నది.
మా అత్త కుట్టింది, అంచు పొంటి ద్రాక్షతీగ.
వారం వారం నీలిమందు పెట్టి ఉతికి తెచ్చేది.
ఎండాకాలం బోరింగు కాడ
రెండు బిందెల నీళ్ళకు మాట మీద మాట పెరిగింది.
ఆమె తేలె.
నేను అడగలె.

కానుక ఆడనే ఇడిసిపెట్టి,
ముందు పోయి కలిసి రమ్మన్నడు ఆయన.
ఆదివారపు బడి పిల్లలకు
కంఠతా పట్టించింది నేనే.
ఎన్నేండ్లు పలికిన్నో,
ఆ "ముందు" అన్న మాట
ఇయ్యాల్లనే కాలి వేలికి తగిలింది, రాయి లెక్క.

చీపురు మూలకు పెట్టిన. బుగ్గ ఆర్పలె.
బురద గల్లీ దాటి
ఆమె ఇంటి ముంగట నిలబడ్డ.
దారి పొడుగున కూర్చుకున్న మాటలు
తడక కాడనే రాలిపోయినయి.
"బట్ట ఉన్నదా?" అన్న.
క్షమించుమనుడు కాదది, నాకు తెలుసు.
అంతే వచ్చింది నోటికి.

ఆమె నా మొఖం దిక్కు చూడలె.
లోపలికి పోయింది.
సందుగ మూత చప్పుడైతదని విన్న. కాలె.
తెచ్చి చేతుల పెట్టింది.
నాలుగు మడతలు, నీలిమందు వాసన,
వెచ్చగ.
ఇస్త్రీపెట్టె వేడి ఇంకా పోలె.

ఏడు నెలలల్ల ఎన్ని శనివారాలు
ఇట్ల మడత పెట్టి కూసున్నదో
అడుగుతందుకు నోరు రాలె.
కొంగుల దాచుకోని, మంచు పడకుండ తెచ్చిన.

పరిచిన.
తీగ కొస బల్ల అంచు దాటి
ఎప్పటి లెక్కనే ఎడమదిక్కు జారింది.
ఆమె పొద్దుగాల వస్తదో రాదో తెల్వదు.
గ్లాసులు నలభై పెట్టిన.

తాళం వేసేటప్పుడు చూస్తే
మోచేతికి ఒక దూది పింజ.
దులుపుకోకుండనే
ఇంటి బాట పట్టిన.