డీవో

జేబులో ఉన్నవన్నీ తీసేయమన్నాను.
తాళాలు, బీడీకట్ట, పడవమేకుతో చేయించిన ఉంగరం.
"ఇది తీస్తే మా అమ్మ ఊరుకోదండి" అన్నాడు.
"అయస్కాంతం అసలే ఊరుకోదు" అన్నాను.

నాగిడి పోలరాజు, ముప్పై ఒకటి.
ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా.
మాత్రలు మానేసి తొంభై ఏడు రోజులు.
ఈ లెక్క ఫైల్లో లేదు, అతనే చెప్పాడు,
వడ్డీ కట్టినట్టు వేళ్లు మడిచి.

పొద్దున్నే అమలాపురంలో బస్సెక్కాడట.
ఎదుర్లంక వంతెన దిగాక యానాంలో
వరసగా మందుషాపులు.
"మనకేటండీ వాటితో, మన రోగం వేరు."

బల్ల సొరంగంలోకి జరిగింది.
కళ్ల మీద అద్దం, అద్దంలో బొమ్మలు,
ఒక్కొక్కటీ నాలుగు సెకన్లు.
సిరంజీ. మాత్రల అట్ట. చించిన అట్ట.
మధ్యమధ్యన ఏ పాపం ఎరగనివి:
కొబ్బరిపీచు మోపు, సైకిలు, పంటు మీద జనం,
వెన్నెల్లో తిరుగుతున్న ఏరియేటరు.
నేను తీసిన ఫోటోలే అవి.
"ఇక్కడివే కావాలమ్మా" అని డాక్టరు గారంటే
ఓ ఆదివారం గట్లంట తిరిగి పట్టుకొచ్చాను.

మిషను డబడబలాడుతుంటే
గాజు ఇవతల నేను, చల్లారిన టీ.

మనిషికేదైనా కావాలనిపిస్తే
అక్కడికి నెత్తురు పరిగెడుతుంది,
నెత్తుటి వెంట ప్రాణవాయువు.
మేం చూసేది అంతే. ఆశ కనబడదు,
ఆశ ఊపిరి పీల్చిన చోటు కనబడుతుంది.
ఆ ఎరుపూ పసుపూ మేం పులిమినవే.
లోపలంతా బూడిదరంగు,
మంచుపొద్దుటి ఏటిరేవులా.

వారానికి లెక్కలు తేలాయి.
సిరంజీకి ఏమీ లేదు. మాత్రలకి కొంచెం.
ఏరియేటరు దగ్గర
తల లోతుల్లో వేరుశనగ గింజంత చోటు
భగ్గుమంది.

"తల కదిపుంటాడు, తీసెయ్" అన్నారు డాక్టరు గారు.
తీయలేదు. ఫోను చేశాను.

"ఆయ్, అది మరి..." అని చాలాసేపు ఆగాడు.
"రాత్రి రెండింటికి డీవో పడిపోద్దండి.
నీళ్లలో గాలుండదు. రొయ్య గట్టు పట్టేసి తేలిపోద్ది.
కునుకు తీస్తే పంట పోయినట్టే.
చక్రాలు తిరిగి తెల్లగా నురగ లేచాక
అప్పుడేసుకునేవోణ్ణి, రెండు.
మొదట్లో నిద్దర ఆపడానికే.
తర్వాత్తర్వాత ఏసుకోడానికే
చక్రాలు తిప్పేవోణ్ణేమో, నాకే తెలవదండి."

రాత్రంతా అతను చెరువు ఊపిరికి కాపలా.
గంటసేపు నేను అతని నెత్తుటి ఊపిరికి కాపలా.
జీతాలూ ఇంచుమించు ఒకటే.

వేరే పని చూసుకోమని సలహా కాగితంలో రాశారు.
ఆ ఊళ్లో చెరువు కానిదేముంది?
చేను తవ్వి చెరువు, కొబ్బరి నరికి చెరువు.
కిటికీ మూసినా తెల్లార్లూ ఆ చప్పుడే, ఎవరింట్లోనైనా.

రెండో స్కాను నాలుగు నెలలకి.
వచ్చాడు. ఉంగరం తనే తీసిచ్చాడు.
"ఎన్ని రోజులు?"
వేళ్లు మడవలేదు.
"పదకొండు. మళ్లీ మొదట్నుంచి.
దాచినా మీ మిషను చూసేద్దిగా."

చూడదన్నాను. దానికి రోజులు తెలియవు,
మాట తప్పడం తెలియదు.
గాలి ఎటు నడిచిందో ఒక్కటే తెలుసు.

"మా మీటరూ అంతేనండి. డీవో ఎంతో చెప్తాది.
రొయ్య బతుకుద్దో లేదో చెప్పదు."

బల్ల మీద పడుకున్నాక అడిగాడు:
"ఆ బొమ్మ ఉందాండీ ఇయ్యాల?"

చెప్పకూడదు, నియమం.
మైకు మీట మీద వేలు పెట్టి
అలాగే ఉండిపోయాను.
గాజు అవతల పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి,
ఉప్పునీటికి పగిలిన మడమలు,
ఒకదాన్నొకటి గట్టిగా నొక్కి పట్టుకున్న
రెండు బొటనవేళ్లు.