తడి రాత్రి, మూడో సిలిండరు

వాన పడితేనే మిస్సింగు.
ఎండలో తీసుకొస్తే
డాక్టరు గుమ్మం చూడగానే కడుపునొప్పి మాయమైన పిల్లాడిలా
బుద్ధిగా తిరుగుతుంది ఇంజను.

అందుకే మ్జెవినార్ ఈసారి వానలోనే వచ్చింది,
ట్కిబూలి నుంచి కుతాయిసి దాకా,
వెనక సీటు పీకేసిన తెల్ల నీవాలో
ఉప్పునీళ్ళలో తేలే చీజు బకెట్లు
కుదుపు కుదుపుకూ తొణుకుతుంటే.
"కిందటి నెల ఒకడు కార్బ్యురేటర్ అన్నాడు, మార్చాను.
అంతకుముందొకడు పెట్రోల్లో కల్తీ అన్నాడు, బంకువాణ్ణి తిట్టాను.
మీరేమంటారో చెప్పండి, తర్వాత ఏడుస్తాను"
అంది, జుట్టు పిండుకుంటూ.

జౌరీ ఏమీ అనలేదు.
ఆయనకు కుడి చెవి లేదు, ఎడమది సగం.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద నిలిపి
పిడిని దవడకు ఆనించుకుని
కళ్ళు మూసుకున్నాడు.
పళ్ళతో వింటాడాయన.

టక్... టక్ టక్. టక్... టక్ టక్.
నలుగురు మోయాల్సినదాన్ని
ముగ్గురు మోస్తున్న నడక.

"బిచో" అన్నాడు. మా భాషలో, కుర్రాడా అని.
మూడేళ్ళయింది, నా పేరు ఇంకా ఆయన నోటికి ఎక్కలేదు.
"ఒక్కో తీగా పీకు. గుడ్డ చుట్టుకుని."

మొదటిది పీకాను: ఒళ్ళంతా వణికి చావబోయింది ఇంజను.
రెండోది, అదే గోల.
నాలుగోది, అదే.
మూడోది పీకాను.
ఏమీ కాలేదు.
పంక్తిలోంచి లేచి వెళ్ళినా ఎవరూ తల తిప్పని మనిషి
నా గుప్పిట్లో ఉన్నట్టనిపించింది.

ప్లగ్గు విప్పించాడు.
తడి. పచ్చి పెట్రోలు వాసన.
సరుకంతా వంటింటికి చేరింది, పొయ్యే అంటుకోలేదు.
ఆ ప్లగ్గునే ఒకటో గూట్లో పెడితే
అక్కడ శుభ్రంగా మండింది.
ఖాళీ రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించి
మ్జెవినార్‌ని తాళం తిప్పమన్నాడు.
ఫట్మని వేలు విసిరికొట్టింది గాలి.
ఊపిరి ఉంది. తిండి ఉంది.
మరి?

అన్నీ బిగించి, స్టార్టు చేసి,
మూడో తీగ సరిగ్గా కూర్చుందా అని నొక్కబోతూ
గుడ్డ మరిచాను.
మోచేయి దాకా పాకింది.
నా వీపు బానెట్టుకు కొట్టుకుంది.
మ్జెవినార్ సిలువ గీసుకుంది.
జౌరీ నవ్వాడు, ఆ వారంలో మొదటిసారి:
"దొరికాడు. లైటు ఆర్పండి."

వెతకాలంటే లైటు వెయ్యాలనే నాకు తెలుసు.
షట్టరు సగం దించి, బల్బు ఆర్పి,
ఆయన సీసా మూతకు పొడిచిన బెజ్జాల్లోంచి
నీళ్ళు చిలకరించాడు, సున్నితంగా,
ఇస్త్రీకి ముందు చొక్కా మీద చల్లినట్టు.

అప్పుడు కనిపించింది.
ఇనుప బ్రాకెట్టుకు రాసుకు రాసుకు తీగ అరిగిన చోట
గోరంత నీలం.
చిటుక్.
చిటుక్.
ప్లగ్గు దాకా నడవడం దండగనుకుని
తడి తోవ చూసుకుని
ఇనుములోకి దూకేస్తున్న నిప్పు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.
చీకటి పట్టింది.
చేయాల్సిన పని మరిచి ముగ్గురం కాసేపు ఊరికే చూశాం.
"అందంగానే ఉంది" అంది మ్జెవినార్.
"నా డబ్బంతా తిన్నది ఇదా!"

దుకాణాలన్నీ కట్టేశారు.
దొడ్లో తుక్కుపట్టిన జిగులీ బానెట్టెత్తి
తడుస్తూ ఒక తీగ పీక్కొచ్చాను.
బ్రాకెట్టు అంచుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు జౌరీ,
పసివాడి వేలికి కట్టు కట్టినంత ఓపిగ్గా.
ఆమె తాళం తిప్పింది.

లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఒకటే గొంతు.
స్క్రూడ్రైవరు మళ్ళీ దవడకు ఆనించుకున్నాడు.
పని అయిపోయాక కూడా
చాలాసేపు తీయలేదు.

కార్బ్యురేటర్ డబ్బు ఎవరూ తిరిగివ్వరు.
జౌరీ తీగ ఖరీదే తీసుకున్నాడు.
ఆమె చీజు ముద్ద ఒకటి కాగితంలో చుట్టి
"షాకు కొట్టిన చేతికి" అంటూ నాకిచ్చి
పేరడిగింది.

"బాద్రీ" అన్నాను,
కొంచెం గట్టిగానే.
జౌరీ కుడి పక్కన నిలబడి ఉన్నానని
తర్వాత గుర్తొచ్చింది.