కొంగు తగిలిన సీసా

మూత లోపలి తట్టు వేలు తగలకూడదంది
ఆత్మకూరు నుంచి వచ్చిన రిజ్వానా మేడమ్.
ఏటికి ఎదురు తిరిగి నిలబడాలంట,
సీసా నోరు వచ్చే నీళ్ళకు పట్టాలంట,
గీత కాడ ఆపాలంట.
ఏడుగురం, మోకాలి లోతు బొగ్గేట్లో
చీరలు ఎగ్గట్టుకొని,
పుట్టినకాడి నుంచి మునిగిన ఏట్లోకి
ఇప్పుడే దిగినట్టు.

చెంగమ్మకు నవ్వాగలేదు:
"ఏటికి జొరం చూస్తుండామా మే?"

నాలుగు సీసాలు.
చాకిరేవు కాడ ఒకటి,
గేదెలు పొర్లే మడుగులో ఒకటి,
ఇసకలో తోడిన చెలమలో ఒకటి.
మా అత్త బతికినన్నాళ్ళూ ఆ చెలమ నీళ్ళే తాగింది,
అద్దానికన్నా మరక ఉంటది గానీ, అనేది.
నాలుగోది ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు.
అది మారకూడదు,
మిగతా మూడింటికీ అదే సాక్షి.

మార్గశిరం చలి. మందు పనిచెయ్యాలంటే
ఒంటి వెచ్చదనం కావాలంట.
గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నా,
రాత్రంతా ఒక తట్టే పడుకున్నా.
మా ఆయన తడిమి, ఏందది, అన్నాడు.
ఏరు.
కదిలించబాక.

రెండో రోజు విప్పితే
చాకిరేవు నలుపు. మడుగు నలుపు, అది తెలిసిందే.
చెలమా నలుపే.
బొగ్గేరని పెద్దోళ్ళు ఎందుకన్నారో గానీ
ఈ నలుపు చూసి మాత్రం కాదు.

మరి నాలుగోది?
తెర్లిందాకా పొయ్యి కాడ కూచుంది నేనే గదా,
అదీ కుండ అడుగులా మసిబారి ఉంది.

మేడమ్ కసరలేదు.
మొదటినుంచి చెప్పు, ఏమేం చేశావో, అంది.
కాచా. చల్లార్చా. పోశా.
మూత పెట్టేముందు మూతి తడిగా ఉంటే
కొంగుతో తుడిచా.

ఆ కొంగే.
పిలకాయల ముక్కులు తుడిచింది,
అన్నం గిన్నె దించింది,
చుట్టాలొస్తే పళ్ళేలు తుడిచి పెట్టింది.

మందు చెడిపోయిందని రాయి, అంది చెంగమ్మ చెవిలో.
కారణం అన్న గడిలో నేను
"నా కొంగు" అని రాశా.

చెలమ సీసా కూడా తుడిచావా?
ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.
అయితే అత్త మాట ఇంకా ఓడిపోలా,
గెలవనూ లా.

మంగళవారం మళ్ళీ దిగా.
కొంగు బొడ్లో దోపా.
సబ్బుతో కడిగిన చేతులు
తుడుచుకోకుండా గాలికి పట్టి నిలబడ్డా.
కుడిచెయ్యి రెండుసార్లు
దానంతటదే నడుము తట్టు పోయింది.