తడి బస్తా

గుణుపురం రైసు మిల్లులో కాటా గుమాస్తాని.
లారీ గేటు తిరుగుతుండగానే
పట్టీలు ఎంత కుంగాయో చూసి బరువు చెప్పేస్తాను,
యాభై కిలోలు అటూ ఇటూ.
అడుగున తడి బస్తాలు వేసి పైన ఎండువి పేర్చినవాడు
తాడు విప్పుతూ కాస్త ఎక్కువ నవ్వుతాడు.
ఇరవై ఏళ్లలో నేర్చుకున్న విద్య అదొక్కటే.

పుష్యమాసం రాత్రిళ్లు
దిగుమతి కాని లారీలు వంశధార వంతెన దాకా బారులు తీరితే
కాటా గదిలో దుప్పటి పరిచి మూడు ముక్కలాట.
రూపాయి బోర్డు.
పందెం పది దాటితే మాస్టారు ఒప్పుకోరు.

బెండి నూకరాజు, పద్మపురం లారీ.
వాడు అబద్ధమాడాలంటే ఒడియాలోకి దిగుతాడు.
"హఉ హఉ, ఆఉ దుఇ టంకా" అని రెండు రూపాయలు విసిరాడా,
చేతిలో ఉన్నది దుగ్గీ, తిగ్గీ, దిగులు.
నిజంగా జత పడితే మాత్రం
"ఓలమ్మో, నడుం పట్టీసింది" అని మూలుగుతాడు.
వాళ్లమ్మ భాషలో వాడికి దొంగతనం రాదు.

పాఢి మాస్టారు ఒడియావారే,
తెలుగు మాకంటే శుద్ధంగా మాట్లాడతారు.
ముక్కలు బాగుంటే ఆ తెలుగు ఇంకా బిగుస్తుంది:
"తమరు ముందుకు సాగెదరా?"
ఆ 'సాగెదరా' వినపడగానే నేను ప్యాక్.
చెత్త పడితే, పాపం, విభక్తులు జారిపోతాయి.

లక్కియా శబర, గేటు వాచ్‌మన్.
ఇతన్ని మాత్రం చదవలేను.
సగం ఆటల్లో ముక్కలు ఎత్తి కూడా చూడడు.
బ్లైండ్. మళ్లీ బ్లైండ్.
చలిమంటలో పుల్ల వేసినట్టు రూపాయి వేస్తాడు.
అతని భాషలో నాకొచ్చింది అగ్గిపెట్టె అడగడం వరకే.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఛార్జింగు లైటు కింద నాకు మూడు రాణులు.
ముగ్గురూ వరసగా ప్యాక్.
"ఏటయిందిరా మీకు?" అన్నాను.
లక్కియా బీడీ ఆర్పి
కొండ తెలుగులో, మెల్లగా:
"నీకు ముక్కలు పడితే, బాబూ,
నువ్వు ఏ బాసా మాటాడవు.
ఇంజిను ఆపీసిన లారీలాగ ఉంటావు."
"పదకొండేళ్ల నుంచీ అంతే కదరా" అని నూకరాజు నవ్వాడు.
మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, మర్యాదకి.

మా నాన్నది పాతపట్నం. అమ్మది కాశీనగర్.
ఇంట్లో గొడవైతే
ఏ భాషలో నోరు తెరిచినా ఒకరి పక్షమే.
నాన్న చాటుగా ఓ బెల్లం ముక్క పెట్టేవాడు, అమ్మకి చెప్పకు అని.
అమ్మ కూడా పెట్టేది, అదే డబ్బాలోంచి.
రెండు బుగ్గల్లో రెండు ముక్కలు పెట్టుకుని
వీధి అరుగు మీద కూర్చునేవాణ్ణి.
ఎవరు పిలిచినా పలకలేను కదా.

నిన్న మూడు రాజులు పడ్డాయి.
ఈసారి గట్టిగా నిశ్చయించుకున్నాను.
దోమల గురించి మాట్లాడాను. వడ్ల ధర గురించి.
నూకరాజు బావమరిది పెళ్లి గురించి రెండు భాషల్లోనూ.
నా గొంతు నాకే తడి బస్తాలా వినపడుతోంది.
పెళ్లిభోజనంలో నేను పులిహోర దాకా రాకముందే
లక్కియా ముక్కలు బోర్లా పెట్టేశాడు.
తక్కిన ఇద్దరూ ఆవులించి పెట్టేశారు.
బోర్డులో ఎనిమిది రూపాయలు.
అవీ టీకి పోయాయి.

తెల్లారుజామున మొదటి లారీ గేటు తిరిగింది.
ఎవడో కొత్త కుర్రాడు,
తాడు విప్పుతూ ఒకటే నవ్వు, ఒకటే మాటలు.
నాకు తెలుసులే అనుకుని
అడుగు వరసలో మూడు బస్తాలకి గొట్టం గుచ్చి
అరచేతిలోకి వంపుకున్నాను.

గలగలా ఎండు వడ్లు.