ప్యాకింగ్

పసుపు ఆడ్తి రాజేశం సేటు ల్యాండ్‌మాస్టర్
వానకాలమంతా
వెనక ఎడమ లైట్ల నీళ్లు మోసింది.
ఎర్రద్దంల సగందాకా నీళ్లు.
అండ్ల ఒక దోమపిల్ల మెలికలు తిరుగుతుంటే
సేటు మనుమడు చేపనుకున్నడు.

స్క్రూలు నాలుగు. మూడు తిరిగినయి.
నాలుగోదానికి కిరోసిన్ పోసి
చాయ తాగొచ్చిన.
అద్దం ఊడంగనే పాత రబ్బరు
నా గోరుకింద మాడిన అటుకుల్లెక్క రాలింది.
నాకన్న పదేండ్లు పెద్దది, ఏమంటం దాన్ని.

కోరుట్లల దొరకలే. మెట్‌పల్లిల నవ్విండ్రు.
జగిత్యాల దుకాణపాయన ఫోన్ల
"ఆ బండి ఇంక బతికున్నదా?" అని
చుట్టం సంగతి అడిగినట్టు అడిగి పెట్టేసిండు.

సేటు దాన్ని గ్యాస్కెట్ అంటడు. మేం ప్యాకింగ్ అంటం.
రేకు అంచుకు గ్రీజు రాసి
క్యాలెండర్ అట్టమీద ఒత్తిన.
సెప్టెంబర్ నెల మీద
చిక్కుడుగింజ అసొంటి అచ్చు పడ్డది.
లారీ ట్యూబు మీద బ్లేడు పెట్టిన.
బ్లేడు దాని తోవల అది పోయింది.
ఒకటి పాడైంది. రెండు.
మూడోది పాడైనంక
మా మ్యానత్త లసుంబాయి
ఒళ్లోని చాటల నుంచి తలెత్తింది.

నలభై ఏండ్లు తునికాకు కోసిన కత్తెర ఆమెది.
ఇనుప ఫర్మా ఆకుమీద పెడితే
ఈనె ఎటున్నదో చూడకుంటనే తెలుస్తది.
"రబ్బరుకు ఈనె ఉండది గదా అత్తా."
ట్యూబు ముక్కను రెండు చేతుల సాగదీసింది,
ఇటు, మల్ల అటు.
"ఉన్నది. ఇటు సాగుతది, అటు సాగది."

నూనెడబ్బా రేకుతోని ఫర్మా చేసిచ్చిన.
ఆకు తడపకుంటె పగులుతదని
రబ్బరును సబ్బునీళ్లల ముంచింది.
కత్తెర ఉన్నకాడనే ఉన్నది,
రబ్బరే తిరిగింది.
"గీత మీద కాదురా, గీత లోపట."

బొక్కలు పొడిచే పని నాది.
విరిగిన గొడుగుకాడ కొస నూరి
సుత్తెతోని ఒక్కొక్క దెబ్బ.
నాలుగు నల్ల చుక్కలు కింద పడ్డయి.
అత్త ఏరి కొంగున కట్టుకున్నది.
ఎందుకని అడగలే.

కుడి లైటుకు అదే ఫర్మాతోని కోస్తే పట్టలే.
గంట సేపు ఫర్మాను తిట్టిన.
అత్త వచ్చి రబ్బరును బోర్లేసి పోయింది.
పట్టింది.

స్క్రూలు ఎదురెదురు బిగించిన,
రబ్బరు అంచు ఉబ్బకముందే ఆగిన.
సేటు మనుమడు బిందెడు నీళ్లు పోసిండు
చేప వస్తదని.
రాలే. వాడు అలిగి లోపటికి పోయిండు.
నేను బ్రేకు తొక్కిన.
వెనక నిలబడ్డ అత్త తెల్లవెంట్రుకలు
ఒక్క నిమిషం ఎర్రగైనయి.

సేటు ఇచ్చిన పైసలల్ల సగం
ఆమె చాటల పెట్టిన.
వేలు తడిచేసుకొని ఎంచింది,
కార్ఖానాల కట్టలు ఎంచినట్టు.
అక్కడ కమీషన్‌దారు కట్టకు రెండు బీడీలు
బాగలేవని ఏరి పారేస్తుండె.
"ఇండ్ల ఛాట్ ఎంత తీసిండు?"
"ఛాట్ అంతా నాదే అత్తా,
మొదాటి మూడు."
నవ్వింది. కొన్ని పండ్లు లేవు.

మొన్న ఆమె కత్తెర తీసి చూసిన.
ఎప్పటినుంచో లడలడ ఊగే మేకు కింద
నడుమ సూదితోని పొడిచిన
ఒక నల్ల చుక్క.
ఇప్పుడు ఊగుతలేదు.
కడమ మూడు
ఎక్కడ పెట్టిందో.