నాలుగో సూది

ఆ పసుపు కార్డు లోపల పెట్టుకో మార్గుస్,
దాన్ని అడిగేవాళ్లు విమానాశ్రయంలోనే ఆగిపోయారు.
హోమా బేలో, ఈ లాడ్జిలో, అడిగేదాన్ని నేనొక్కదాన్నే.
రాత్రికి ఇక్కడ తింటావా, బజారులోనా?

మాత్ర వేసుకోవాలన్నావుగా, ఇక్కడే తిను.
కిందటేడు ఒకాయన పరగడుపున మింగి
తెల్లారేదాకా నా వరండా మెట్లు పాడుచేశాడు.
టిలాపియా వేపుతున్నాను,
నూనె కాస్త ధారాళంగానే పోస్తాను.
ఆ మాత్రకి నూనెంటే ప్రాణం.

నీలం మూత కూజాలోవి మరిగించిన నీళ్లు.
పళ్లు తోముకోవడానికీ అవే.
ఐసు అడగకు.
కరెంటుంటేనే అది ఫ్రిజ్, లేకపోతే ఉత్త బీరువా.

దోమతెర అంచు పరుపు కిందికి దోపు, చుట్టూరా.
తలవైపు ఒక చిరుగుంటే
వలలు అల్లే దారంతో నేనే కుట్టాను.
ఆ కుట్టు మీద చెయ్యి పెట్టి చూడు,
నీ దేశంలో కొన్నవాటికన్నా గట్టిది.

సరస్సులో మాత్రం దిగకు.
నత్తల సంగతి నీ కాగితంలో రాసే ఉంటారు.
అదుగో, నడుంలోతు నీళ్లలో నిలబడి
పడవకి దీపం కడుతున్నవాడు మా తమ్ముడు ఒబుయా.
వాడికెవరూ కాగితం ఇవ్వలేదు.
బడిపిల్లలకి ఆ పురుగుల మందిస్తారు,
గీతలు గీసిన కర్ర పక్కన నిలబెట్టి
ఎత్తుని బట్టి ఇన్ని మాత్రలని.
ఒకసారి వీడూ పోయి వరసలో నిలబడ్డాడు.
కర్రని మించి పెరిగావయ్యా అని పంపించేశారు.
ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతాడు,
నీళ్లలోనే నిలబడి.

ఈ సొరుగు లాగి చూడు.
వెళ్లేవాళ్లు వదిలేసిన ఆస్తి:
అడుగంటిన దోమల మందు సీసాలు,
ఎండకి పూసుకునే తెల్ల లేపనం,
నాకు రాని భాషల్లో విరేచనాల పొట్లాలు.
ఈ అట్టలో ఇంకా ఏడు మాత్రలున్నాయి.
ఇల్లు చేరాక కూడా వారం వేసుకోవాలట కదా,
ఇల్లు చేరడమే మందనుకున్నాడేమో పాపం.

పొద్దున అడిగావు, నాకెన్నిసార్లు వచ్చిందని.
నీ జలుబులు నువ్వు లెక్కపెట్టుకుంటావా?
వానలొస్తాయి, అదీ వస్తుంది,
రెండు దుప్పట్లు కప్పుకుంటాం, లేస్తాం.
ఒక్క జ్వరం మాత్రం తారీఖుతో సహా గుర్తుంది.
అది నాకొచ్చింది కాదు.
వద్దులే, చేప మాడుతోంది.

ఆ గుమ్మం వెనక దాక్కుని
నీ పిల్లిగడ్డం చూస్తున్నది నా మనవరాలు అవినో.
మూడు సూదులు పడ్డాయి దానికి, మలేరియావి.
నాలుగోది రెండేళ్లు నిండాక.
మూడోదానికీ నాలుగోదానికీ మధ్య
ఏడాదికి పైగా ఎడం.
ఆలోగా కార్డులు వానకి నానతాయి,
తల్లులు పనికని కిసుము బస్సెక్కుతారు,
దాని తల్లి ఎక్కినట్టే.
అందుకే క్యాలెండరులో రేపటి గడిలో
ఇంత పెద్ద చేపని గీసి పెట్టాను.

ఆదివారం వానకి దారి కోసుకుపోయింది.
మోటారుసైకిలు కుర్రాళ్లు ఎంతిచ్చినా రామంటున్నారు.
నీ జీపు రేపు నీటిమట్టం కొలవడానికి
ఆసుపత్రి మీదుగానే పోతుందట.
నీ డ్రైవరు చెప్పాడు. నేను అడగలేదు.
సరే, అడిగాను.

ఏడుస్తుంది, ముందే చెబుతున్నా.
నీకు బయల్దేరేముందు ఎన్ని పొడిచారన్నావు, ఆరా?
చొక్కా చెయ్యి మడిచి దానికి చూపించు.
మచ్చ కూడా లేదుగా, నమ్మదు.
అయినా చూపించు.

ఇదిగో, ఉగాలి వేడిగా ఉంది.
చెయ్యి సబ్బుతో కడిగావా? ఇంకోసారి కడుగు.
ముల్లు చూసుకుని తిను మార్గుస్,
దానికింకా టీకా రాలేదు.