మూడు యూనిట్లు

పత్తికొండ బస్సు దిగి, మోకాళ్ల ఎర్రదుమ్ము దులిపి
బిల్లు మిషను మెడకు తగిలించుకునేసరికి
తెర్నేకుంటకు తెలిసిపోతాది.
“కరెంటాయప్ప వచ్చినాడే!”
మాదిగేరి మలుపులో ఎవరో
తీగకు తగిలించిన కొక్కెం లాగేస్తారు.
నేను వంగి చెప్పు సరిచేసుకుంటా.
పదకొండేండ్లుగా నా చెప్పు
ఆ మలుపులోనే తెగుతాది.

తిక్కమ్మవ్వది పాత చక్రం మీటరు.
శుక్రవారం దానికీ ఇంత కుంకం.
“ఎందుకవ్వా?” అంటే
“తిరిగేదానికి మొక్కాల నాయనా,
విసుర్రాయికి మొక్కలేదా ఏం?” అంటాది.
కుంకం తుడిస్తే గాని అంకె కనపడదు.
తుడిచి, చూసి,
మళ్లా నా వేలితోనే పెట్టి వస్తా.

టాకీసుది కమర్షియల్ కనెక్షన్.
లోపల ఇప్పుడు ఎర్రగడ్డలు,
తెర ఉన్నకాడ గోనెసంచుల గుట్ట.
గేటు కాడ నడిపెన్న మాత్రం
ఫస్టాట టయానికి కుర్చీ బయటేసుకొని
రోడ్డున పోయేటోళ్లను
నేలకెవరో, బెంచీకెవరో
చూపుతోనే వేరు చేస్తా కూర్చుంటాడు.

టమోటా కిలో రూపాయికి పడిన నెల,
మార్కెట్టు రోడ్డున పారబోస్తే
గొర్రెలు గూడా మూతి తిప్పుకున్న నెల,
ఊరు ఊరంతా ఫ్యాన్లు ఆపుకొని పండుకుంది.
పేపర్లో ఏం రాసినారో నేను చదవలేదు.
నా మిషనులో ఉంది ఆ నెల.
ఇంటింటికీ పదీ పన్నెండూ తక్కువ.
ఉక్కపోత ఎంతుందో దాంట్లో రాదు.

ఇంగ, దర్జీ కౌలుట్లయ్య ఇల్లు.
ఆయప్ప పోయి రెండేండ్లు.
వెనకా ముందూ ఎవరూ లేరు.
తాళం మీద తుప్పు, గడప మీద గడ్డి.
మీటరు మాత్రం
నెలకు మూడు యూనిట్లు తిరుగుతా ఉంది.
బిల్లు గూడా ఎవరో కడతా ఉన్నారు,
పదో తారీకు లోపలే.

మొన్న లాస్టు బస్సు తప్పిపోయింది.
రాజాసాబు ఉగ్గాని కొట్టు బల్ల మీద కూర్చున్నా.
ఏడు దాటినాక నడిపెన్న వచ్చి
కౌలుట్లయ్య కిటికీ ఊచల్లో చెయ్యి పెట్టి
మోచేతి దాకా తడిమి
టక్కుమనిపించినాడు.
వసారాలో బల్బు, గుడ్డిది, పసుప్పచ్చగా.
మళ్లా కుర్చీ కాడికి పోయినాడు,
ఏం జరగనట్టే.

తొమ్మిదిన్నరకు పత్తిమిల్లు ఆటో.
దిగినారు ఆడోళ్లు, జుట్టు నిండా దూది,
ముసలోళ్లయి వచ్చినట్టు.
ఆ మలుపులో వీధిలైటు ఎప్పుడు పోయిందో
పంచాయతీకే గుర్తులేదు.
వాళ్లు ఆ వసారా వెలుతుర్లో నిలబడి
కొంగులు దులుపుకొని, కూలి ఎంచుకొని
ఒకరికొకరు చెప్పి ఇండ్లకు పోయినారు.
అందరికన్నా ఎనక పోయే పిల్ల
ఊచల్లో చెయ్యి పెట్టి ఆర్పేసింది.
దాని చెయ్యి చిన్నది, తడుముకోలేదు.

“ఆయప్ప ఉన్నప్పుడు
వీళ్లొచ్చేదాకా మిషను తొక్కుతానే ఉండె,”
అన్నాడు రాజాసాబు, బాణలి దించుతా.
“మరి బిల్లు కట్టేదెవరు?”
“మీటరు ఎవరి పేరున ఉంది?”
“కౌలుట్లయ్య పేరునే.”
“అయితే ఆయప్పే కడతాడు. బజ్జీ చల్లారిపోతాది, తిను.”

వచ్చే నెలకు కొత్త మీటర్లంట.
మనిషి రానక్కర్లేదంట,
పత్తికొండ ఆఫీసులో కూర్చుంటే
అంకె దానంతటదే కనపడతాదంట.
కనపడనీ.

తెల్లారి ఆ ఇంటి ముందర నిలబడితే
మిషను ఎప్పటిలాగే అడిగింది.
ఒకటి, తాళం.
రెండు, మనుషులు ఉన్నారు.
రెండు నొక్కినా.
కిర్రుమని కాగితం వచ్చింది.
కిటికీ ఊచల్లో దోపి
చెప్పు తొడుక్కొని తిరిగి చూస్తే
కాగితం లేదు.